నవనీత నోట్లో నానిన నువ్వుగింజ

కరీంనగర్ మంకమ్మతోటలో నవనీతకు ఒక సంగతి చెప్పి 'ఎవలికి చెప్పకు' అనడమంత దండగ పని ఇంకొకటి లేదు. ఆ మాట అన్న మనిషి ఇల్లు చేరేలోపే సంగతి వీధి చివర ఇస్త్రీ బండి దాకా పోయి, అక్కడి నుంచి ఇస్త్రీ బట్టలతో పాటు ఇంటింటికీ చేరేది. దుర్బుద్ధి ఏమీ లేదు, పాపం. ఎవరింట్లో మంచి జరిగినా ఒంటరిగా సంతోషపడటం ఆమెకు చేతకాదు, అంతే. నోట్లో నువ్వుగింజ నానదని పెద్దలు ఎవరిని చూసి అన్నారో గానీ, నవనీతను చూసి ఉంటే ఇంకోసారి అనేవాళ్లు.

భర్త విద్యాధర్‌కు బోరు మోటర్లు బాగుచేసే దుకాణం ఉంది. పొద్దంతా మోటర్ల మోత విని ఇంటికొస్తే ఇంట్లో ఇంకో మోటరు తిరుగుతుంటుందని అతని ఎగతాళి. అత్త వినోద మాత్రం కోడలిని ఏమీ అనేది కాదు. ఆమె ఊళ్లు పట్టుకుని తిరిగి నర్సమ్మగా రిటైరైన మనిషి. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి ఏ రోగం, ఎవరి మొగుడు ఏ మందు వాడుతున్నాడు, అన్నీ ఆమెకు తెలుసు. ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు. మామ పోయాక ఆ మౌనం మరీ ఎక్కువైంది. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని, అందులో చెంచాల కొద్దీ చక్కెర వేసుకుని, వీధిలోకి చూస్తూ కూర్చునేది.

అటువంటి ఇంట్లో నవనీతకు ఉద్యోగం దొరికింది. ఏం ఉద్యోగమనుకున్నారు? గుట్టు దాచే ఉద్యోగం! నవ్వకండి, నిజం.

గీతాభవన్ చౌరస్తా అవతల రెండు గదుల్లో జానకీబాయి అనే ఆమె 'ముత్యాలపందిరి' పేరుతో పెళ్లి సంబంధాల కేంద్రం నడుపుతుంది. ఆదిలాబాద్ మనిషి. సెల్‌ఫోన్లు రాకముందు అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్స్ కలిపిన ఆపరేటరమ్మ. చావు కబుర్లూ పెళ్లి కబుర్లూ అన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. 'లైను కలుపు, చెవి తీసెయ్' అనేది అప్పటి నుంచీ ఆమె మంత్రం. ఉద్యోగం అడగడానికి పోయిన రోజు నవనీతను ఎగాదిగా చూసి, "మాట్లాడుడంటే ఇష్టమా?" అని అడిగింది.

"మస్తు ఇష్టం మేడం."

"మరి వినుడు?"

"వినుడు గూడ ఇష్టమే మేడం. వింటెనే గద మల్ల చెప్పెటందుకు ఉండేది!"

జానకీబాయి కళ్లజోడు తీసి మరీ నవ్వింది. "వినేటోళ్లే దొరుకుతలేరు నాకు. చెప్పుడు ఎట్ల ఆపాల్నో నేను నేర్పుత. రేపు రా."

ఈ బ్యూరో పద్ధతే వేరు. జానకీబాయి మేనకోడలి ఫొటో ఒకప్పుడు ఎవరో సంబంధాల కోసమని ఫోన్లలో గ్రూపులకు పంపారు. అది ఈ గ్రూపు నుంచి ఆ గ్రూపుకు, ఈ జిల్లా నుంచి ఆ జిల్లాకు తిరుగుతూనే ఉంది. ఆ పిల్లకు పెళ్లయింది, బిడ్డ పుట్టింది, తొట్టెల పండుగ చేసుకుంటున్నారు, ఆ రోజు కూడా ఫోను! 'పిల్ల ఇంక ఖాళీగనే ఉన్నదా అమ్మా?' అని. తొట్టెల్లో బిడ్డ, చేతిలో ఫోను, పక్కన అత్తగారు. అప్పుడే జానకీబాయి ఒట్టు పెట్టుకుంది, తన దగ్గరికి వచ్చిన మనిషి ఫొటో గానీ పేరు గానీ వాళ్లు సరే అననిదే గడప దాటకూడదని.

అందుకని ఇక్కడికొచ్చిన వాళ్లకు పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. పేరూ ఫోను నంబరూ జానకీబాయి ఒక్కతే చూస్తుంది. వచ్చిన మనిషి చిన్న గదిలో కూర్చుని తన గురించి తనే మాట్లాడి రికార్డు చేయాలి. పేరు చెప్పొద్దు, ఊరు చెప్పొద్దు. ఎట్లాంటి మనిషో, ఏం కావాలో చెప్తే చాలు. నవనీత పని ఆ గొంతులు వినడం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఈ గొంతుకు ఏ గొంతు సరిపడుతుందో చూసి, రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి జానకీబాయికి ఇస్తుంది. వాళ్లు ముందు ఒకరి గొంతు ఒకరు వింటారు. ఇద్దరూ ఊ అంటేనే పేర్లు, ఆ తర్వాతే ఫొటోలు.

ఇంకో ముచ్చట. సంబంధం ఖాయమైతే ఆ ఇద్దరూ బ్యూరోకు వచ్చి తమ వివరాలు తామే కంప్యూటర్లోంచి చెరిపేసుకోవాలి. జానకీబాయి వాళ్ల నెత్తి మీద అక్షింతలు వేస్తుంది, పనిలో పనిగా కంప్యూటర్ మీద కూడా నాలుగు వేస్తుంది. కీబోర్డు సందుల్లోంచి పసుపు బియ్యం ఏరలేక బాగుచేసే అబ్బాయి దండం పెట్టాడు. అయినా ఆమె మానలేదు.

నవనీతకు ఈ పని ప్రాణమైపోయింది. ఇంటికొచ్చి చెయ్యి తిప్పుతూ, "నాకే పేర్లు తెల్వయి అత్తమ్మా! కట్టేసి కొట్టినా నా నోట్లకెళ్లి రాదు, ఉంటే గద వచ్చేది!" అని గర్వంగా చెప్పేది. వినోద టీ తాగుతూ వినేది.

ఎదురింటి లస్మవ్వకు ఇదంతా మింగుడు పడలేదు. ఇన్నాళ్లూ ఆమెకు వార్తలందించిన రేడియో ఒక్కసారిగా మూగబోతే ఎట్లా? ఒక రోజు డబ్బా నిండా సకినాలు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంది.

"మన పక్క గల్లి పిల్ల మీ తాన పేరిచ్చిందట గద నవనీతా? జర చెప్పరాదు."

నవనీత సకినం కొరికింది. ఇంకొకటి కొరికింది. మూడోది కూడా అయింది. "సకినాలు మంచిగ కుదిరినయి లస్మవ్వా. వాము జర ఎక్వైంది," అన్నది. ఖాళీ డబ్బాతో లస్మవ్వ కాళ్లీడ్చుకుంటూ పోయింది. తలుపు చాటున నిలబడి ఇదంతా చూసిన వినోద పెదవి బిగించి నవ్వు ఆపుకోవడం నవనీత గమనించలేదు.

బతుకమ్మకు ముందు ఒక బుధవారం. అంతకుముందు రోజు మంగళవారం నవనీతకు సెలవు. ఆ రోజు వచ్చిన కొత్త గొంతు ఒకటి వినాల్సి ఉంది. నంబరు మూడువందల పద్దెనిమిది. నవనీత హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెన్ను చెవి వెనక పెట్టుకుని, బటన్ నొక్కింది.

"పేరు చెప్పద్దన్నరు, చెప్ప. అరవై దాటినయి. నౌకరి చేసి రిటైరైన. కొడుకున్నడు, కోడలున్నది, మంచోళ్లు. నాకు ఏం తక్వ లేదు. గని పొద్దుగూకినంక టీ తాగుకుంట, ఇయ్యాల గిట్లయింది అని చెప్పుకునేటందుకు నా ఈడు మనిషి ఒకలుంటే మంచిగుండు అనిపిస్తది. నాకు కోపం తక్వ. టీల చక్కెర తక్వైతే వస్తది."

పెన్ను జారి కింద పడింది. నవనీత తీసుకోలేదు.

"ఆఖరుకు ఒక మాట," అంటున్నది ఆ గొంతు. "ఇంట్ల ఎవలికి ఎరుక లేదు. నాకై నేను చెప్పేదాక ఎరుక కావద్దు. ఎరుకైందంటే గీ ముచ్చట గిక్కడనే బంద్. మల్ల ఈ గడప తొక్క."

అత్తమ్మ! ఆ గొంతు తనను రోజూ పొద్దున 'లేచినవా బిడ్డా' అని లేపే గొంతు. నవనీత గుండె ఎగిరి గంతేసింది. చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. భయం కాదు, సిగ్గు కాదు, పట్టరాని సంతోషం! ఇన్నేళ్లూ వీధిలోకి చూస్తూ టీ తాగిన మనిషి మనసులో ఇంత మాట ఉన్నదా? తన కోసం తాను ఏమీ అడగని మనిషి, చిన్న గదిలో ఒంటరిగా కూర్చుని, ధైర్యం చేసి ఇంత అడిగిందా? అత్తమ్మ అక్కడ ఉంటే వాటేసుకుని ఏడ్చేసేది.

తెలిసిన గొంతు వినబడిందని వెంటనే జానకీబాయికి చెప్పాలి. అది నవనీతకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. కానీ చెప్తే ఆమె ఈ పని తన చేతుల్లోంచి తీసేస్తుంది. అత్తమ్మకు సంబంధం చూసే భాగ్యం పోతుంది. నవనీత చెప్పలేదు. కిందపడిన పెన్ను తీసుకుని, ఏమీ ఎరగనట్టు పనిలో పడింది.

ఇంక చూడండి ఆమె అవస్థ. పక్కింటి ఆవు ఈనితే పది ఫోన్లు చేసే మనిషి కడుపులో ఇంత పెద్ద ముచ్చట! కక్కలేదు, మింగలేదు. ఇంట్లో నవ్వొస్తే స్నానాల గదిలోకి పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో నవ్వుకునేది. ఒకసారి ఆగలేక మెట్‌పల్లిలో ఉన్న తల్లికి ఫోను చేసింది. తల్లి 'ఏమైంది బిడ్డా?' అంటే, 'ఏం లే అవ్వా, ఊకెనే' అని పెట్టేసింది. కూతురు ఊరికే ఫోను చేసి ఏమీ చెప్పకుండా పెట్టేయడం పుట్టి బుద్ధెరిగాక చూడని ఆ తల్లి, ఒంట్లో బాగాలేదేమోనని తెల్లారి బస్సెక్కి వచ్చేసింది.

బతుకమ్మ ఆడేటప్పుడైతే మరీ. ఒక పక్క లస్మవ్వ, ఒక పక్క అత్తమ్మ, మధ్యలో తను. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే ముచ్చట గొంతు దాకా వచ్చేది, మళ్లీ లోపలికి పోయేది.

ఈలోగా ఇంకో కొత్త గొంతు వచ్చింది. మెల్లగా, ఆగి ఆగి మాట్లాడే పెద్దమనిషి గొంతు. "అడవిల నౌకరి చేసినోన్ని. అడవిల సప్పుడు లేకున్నా మంచిగనే ఉంటది. ఇంట్ల సప్పుడు లేకపోతే మాత్రం ఉండబుద్ధి అయితలేదు. వంట రాదు. టీ మంచిగ పెడత. చక్కెర ఎక్వేస్తనని మా బిడ్డ కోప్పడ్తది."

నవనీత కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్క గదిలోంచి జానకీబాయి 'ఏమైంది?' అంటే, 'తేలుందేమో అనుకున్న మేడం' అన్నది. రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి ఇచ్చింది. ఆ తర్వాతి సంగతులు జానకీబాయివి. పేర్లు కలిశాయో లేదో, ఎవరు ఊ అన్నారో, నవనీతకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

కానీ ఇంట్లో కళ్లుంటాయి కదా. వినోద ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోవడం మొదలుపెట్టింది. దిగొచ్చేటప్పుడు ఏదో పాట కూనిరాగం. దీపావళికి ఆకుపచ్చ చీర కొనుక్కున్నది, మామ పోయాక కొన్న మొదటి రంగు చీర. ఒక శుక్రవారం పొద్దున్నే, 'బాసర పోయొస్త, అమ్మవారిని చూడబుద్ధైతుంది' అని ఒక్కతే బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతున్నది. కళ్ల ఎరుపు విద్యాధర్ చూశాడు, ముఖంలో వెలుగు నవనీత చూసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తెల్లారి అతను దుకాణానికి పోకుండా మంచం అంచున కూర్చున్నాడు.

"అవ్వ ఏదో దాస్తున్నది నవనీ. మిద్దెనెక్కి ఎవలతోనో మాట్లాడుతది, నన్ను చూడంగనే ఫోన్ పెట్టేస్తది. ఒక్కతే బాసర పోయింది. ఏడ్సి వచ్చింది. బాపు గూడ గిట్లనే దాసిండు గద. కేన్సర్ అని మనకు ఎరుకయ్యేటాల్లకు ఏం మిగలకుండె. మల్ల గట్లనే అయితదేమో అని నాకు బుగులైతుంది." అతను లుంగీ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఐతారం మామలను పిలుస్తున్న. అందరం కూసోని అడుగుదం. చెప్పకపోతే హైదరాబాద్ పట్టుకపోయి అన్ని పరీక్షలు చేయిస్త."

నవనీత నాలుక చివర ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంతో భర్త కన్నీళ్లు ఆగిపోతాయి. అతను నవ్వుతాడు కూడా. కానీ చెప్తే మూడువందల పద్దెనిమిది బంద్. చెప్పకపోతే ఆదివారం మేనమామలందరూ చుట్టూ కూర్చుని ఆ మనిషిని నిలదీస్తారు. అప్పుడూ బంద్. ఇటు నుయ్యి అటు గొయ్యి. ఆమె భర్త తల నిమిరి, "మీరు జర ఆగుండ్రి. మామలకు ఇప్పుడే ఫోన్ చేయకుండ్రి. నా మీద ఒట్టు," అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పరుగుపెట్టింది.

జానకీబాయి అప్పుడే తాళం తీస్తున్నది. నవనీత గుమ్మంలోనే అంతా కక్కేసింది. గొంతు గుర్తుపట్టింది, చెప్పకుండా దాచింది, భర్త బుగులు, మేనమామలు, అన్నీ ఒక్క గుక్కలో. ఉద్యోగం పోయినట్టేనని కళ్లు మూసుకున్నది.

జానకీబాయి నెత్తి కొట్టుకున్నది.

"అరె రామ! ఎక్స్ఛేంజిల హలో అనంగనే ఏ ఊరి ఏ సేటో చెప్పినదాన్ని! గొంతు గూడ పేరే అని నాకే యాది లేకపాయె. పేరు దాసిన, ఊరు దాసిన, గొంతును తీస్కపోయి కోడలి చెవుల పెట్టిన. నువ్వు చెప్పకుండుడు నీ తప్పు. నీ దాక రానిచ్చుడు నా తప్పు. నాదే పెద్దది."

"ఇప్పుడేం జేద్దాం మేడం? మా ఆయనకు మీరే ఎట్లన్న చెప్తరా?"

"మీ ఆయనకెందుకు చెప్త? ముందుగాల చెప్పాల్సింది వినోదమ్మకు. ఆమె ముచ్చట ఆమెకు తెల్వకుంట ఇంకొకలకు తెల్సింది. గది ఆమెకు ఎరుక కావాలె."

"వద్దు మేడం! బంద్ జేస్తది! ఆ మాట రికార్డులనే అన్నది!"

"జేస్తే చేస్తది. ఆమె ఇష్టం. మనతోని తప్పయినప్పుడు దాసుకుంటే ఇది బ్యూరో ఎట్లయితది, రచ్చబండ అయితది గని." జానకీబాయి తీసిన తాళం మళ్లీ వేసింది. "నడువ్, ఆటో పిలువ్."

అత్తమ్మ ఆకుపచ్చ చీర మళ్లీ బీరువా అడుగుకు పోతుందని తలుచుకుంటే ఆటోలో నవనీతకు ఏడుపు తన్నుకొస్తున్నది.

ఇంట్లో వినోద టీ పెడుతున్నది. విద్యాధర్ దుకాణానికి పోయాడు. కోడలి వెనక జానకీబాయిని చూసి వినోద చేతిలో చెంచా ఆగిపోయింది. నవనీత ఆమె ముందు నిలబడి, "అత్తమ్మా, నేను మీ గొంతు విన్న. బ్యూరోల. గుర్తుపట్టిన. నాకు ఎరుక," అన్నది.

వినోద స్టవ్ కట్టేసింది. ముఖం ఎర్రబడింది. గిన్నెలోకి చూస్తూనే అడిగింది.

"ఎప్పటిసంది?"

"బతుకమ్మ ముందటిసంది."

"బతుకమ్మ ఆడేటప్పుడు గూడ ఎరుకనేనా?"

"ఎరుకనే."

"లస్మవ్వ నీ పక్కనే ఉండె గద?"

"ఉండె అత్తమ్మా."

"చెప్పలే?"

"చెప్పలే. పాట తప్పు పాడిన గని చెప్పలే."

"మీ అవ్వకు?"

"చెప్పలే. గందుకే గద ఆమె నాకు జరమొచ్చిందనుకొని ఉరికొచ్చింది."

జానకీబాయి ముందుకు వచ్చి చేతులు జోడించింది. "తప్పు నాది వినోదమ్మా. మీకు మాటిచ్చి నిలుపుకోలే. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్త. అవతలాయనకు కారణం ఏం చెప్పాల్నో గూడ మీరు చెప్పినట్టే చెప్త."

వినోద కోడలిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నదేమో అనుకున్నారు ఇద్దరూ. కాదు! నవ్వు! ఏళ్ల తరబడి ఆ ఇంట్లో వినబడని నవ్వు, పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని.

"నాకు సిగ్గయితుంది బిడ్డా, అబద్ధమెందుకు. గొంతులు వినేది నువ్వేనని నాకు ఎరుకలే. నువ్వు వినకుండ ఉంటే బాగుండు," అన్నది కళ్లు తుడుచుకుంటూ. "గని నేను బుగులు పడ్డదే నీ నోటికి. లస్మవ్వ సకినాలు తిని గూడ నువ్వు నోరిప్పకుంటివి. అది చూసినంకనే నాకు మీ బ్యూరో మీద నమ్మకం కుదిరింది, పోయి పేరిచ్చిన. గిప్పుడు నీ నోట్ల నువ్వుగింజ నానిందంటే, ఇగ నాకు ఎవలి భయం? తీసెయ్యకుండ్రి మేడం. ఉండనియ్యుండ్రి."

నవనీత ఇంక ఆగలేదు, వాటేసుకున్నది. టీ గిన్నె తలకిందులు కావాల్సింది, జానకీబాయి పట్టుకున్నది. ఆ తర్వాత భర్త బుగులు సంగతి, ఆదివారం మేనమామల సంగతి చెప్పింది.

"కేన్సరా? నాకా?" వినోద నోరు తెరిచింది. "పిచ్చోడు! నన్ను అడగద్దా వీడు? బాసరల ఆయనను కలిసినప్పుడు మీ మామ యాదికొచ్చి ఏడ్సిన, గంతే." అంతలోనే ఆమె ముఖం మారింది. "బాపు దాసినట్టే నేను గూడ దాస్తున్న అనుకున్నడా?" ఫోను తీసి కొడుకును ఇంటికి రమ్మన్నది.

విద్యాధర్ మోటరు గ్రీజు చేతులతోనే ఉరికొచ్చాడు. తల్లి అతన్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది. ఇప్పుడు ఎవరూ నమ్మని సంగతి ఒకటి జరిగింది. నవనీత ఆ తలుపు దగ్గర నిలబడలేదు! కాళ్లు అటే లాగాయి, చెవులు అటే నిక్కాయి. అయినా జానకీబాయి చెయ్యి పట్టుకుని తనే బయటి అరుగు మీదికి వచ్చేసింది. "వాళ్ల లైను మేడం," అన్నది. ఎదురు అరుగు మీద లస్మవ్వ మెడ సాచి చూస్తున్నది. నవనీత ఆమెకు ఒక చిరునవ్వు మాత్రం ఇచ్చింది.

లోపలి నుంచి ముందు విద్యాధర్ ఏడుపు వినబడింది, దాని మీద అతని నవ్వు. తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడు చెంపల నిండా గ్రీజు మరకలు.

"రోగం లేదట నవనీ! అవ్వకు ఏం రోగం లేదట!" అని అరిచాడు. ఆ వెంటనే భార్య మీద కళ్లెర్రజేశాడు. "నీకు ఎరుకనట గద! పొద్దుగాల నేను గంతగనం ఏడుస్తుంటే చూసుకుంట ఊకున్నవా?"

"నా ముచ్చటైతే చెప్పకపోదునా," అన్నది నవనీత. "అది అత్తమ్మది."

విద్యాధర్ గడప లోపలికి పోయి గోడ మీది తండ్రి ఫొటో వైపు తిరిగాడు. "బాపు ఫొటో?" అని తల్లిని అడిగాడు చిన్నగా. "ఆడనే ఉంటది," అన్నది వినోద. "గా ఫొటో చూసి, దండం పెట్టుకొనే నేను బ్యూరోకు పోయిన." అతను తలూపాడు. పూర్తిగా కుదుటపడటానికి అతనికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆదివారం మేనమామలు వచ్చారు, గట్టిగానే అరిచారు, బువ్వ తిన్నారు. 'మా అవ్వ ఇష్టం' అని విద్యాధర్ ఒక్క మాట మీద నిలబడ్డాడు.

చివరికి ఆ రోజు వచ్చింది. ముత్యాలపందిరిలో కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆకుపచ్చ చీరలో వినోద, ఇంకొకదాంట్లో నిర్మల్ నుంచి వచ్చిన, అడవిలో నౌకరీ చేసిన ఆ పెద్దమనిషి. పొడుగ్గా, మాటకు ముందు మొహమాటపడుతూ, కాళ్ల దగ్గర టీ ఫ్లాస్కు పెట్టుకుని ఉన్నాడు. ఇన్నాళ్లూ నవనీతకు ఆయన ఒక నంబరు, ఒక గొంతు మాత్రమే. పేరు లక్ష్మీకాంతరావు అని ఆ పొద్దునే, ఆయన సరే అన్నాకే జానకీబాయి చెప్పింది. ఇద్దరూ ఒక్కో వేలు పెట్టి బటన్ నొక్కారు. మూడువందల పద్దెనిమిది పోయింది. ఆయన నంబరూ పోయింది. జానకీబాయి అక్షింతలు వేసింది, నాలుగు కీబోర్డు మీద పడ్డాయి. విద్యాధర్ కూడా వేశాడు.

"కొత్త పద్ధతి పెట్టిన," అన్నది జానకీబాయి. "వచ్చినోళ్లను ముందుగాల అడుగుత, ఈడ పనిచేసేటోళ్లల్ల మీ గొంతు గుర్తుపట్టేటోళ్లు ఉన్నరా అని. ఉంటే ఆ గొంతు నేనే వింట."

వినోద కుర్చీ తిప్పి కోడలి వైపు చూసింది. "మస్తు దినాలు ఆగినవ్ బిడ్డా. ఇగ చెప్పుకో. లస్మవ్వకు చెప్పు, మీ అవ్వకు చెప్పు, ఇస్త్రీ బండాయనకు చెప్పు. ఊరంత చెప్పుకో పో!"

అందరూ నవ్వారు. నవనీత కళ్లు మెరిశాయి. చటుక్కున ఫోను తీసింది, లస్మవ్వ నంబరు దొరకబట్టింది, వేలు దాని మీదికి పోయింది. అక్కడ ఆగింది. ఫోను పక్కన పెట్టి, ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి దగ్గరికి పోయి వంగి నిలబడింది.

"మామయ్యా," అన్నది. వాళ్ల ఇంట్లో ఆ పిలుపు వినబడక ఎన్నో ఏళ్లయింది. "మీ పేరు గూడ ఊరంత చెప్పచ్చునా?"

లక్ష్మీకాంతరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఒకసారి వినోద వైపు చూశాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు. "గట్టిగనే చెప్పు."